తొమ్మిది రాళ్ళ ఛాతీ కొలత

నాలో ఒక మంచి గుణం ఉంది. ఇంకెవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. ఎదుటివాడికి నేనెప్పుడూ బిగుతు కథ చెప్పను. జరిగింది జరిగినట్టు చెబితే అది ఒంటికి పట్టేసిన చొక్కా లాంటిది, వినేవాడికి ఊపిరాడదు. అందుకని చుట్టూ రెండేసి ఇంచీలు వదులు పెట్టి చెబుతాను. మా వీధిలో కొందరు దీన్ని కోతలు అంటారు. నేను మర్యాద అంటాను. అయితే ఒక్క విషయంలో మాత్రం వదులు ఉండదు. కొలత. ముప్ఫై ఆరంటే ముప్ఫై ఆరే. కొలతలో అబద్ధమాడిన దర్జీ మీద చొక్కాయే వచ్చి సాక్ష్యం చెబుతుంది.

చదువు పెద్దగా లేదు. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకుని పైకొచ్చినవాణ్ణి. అందుకే నాకు తెలిసిన విషయాలన్నీ మధ్యలో చిరిగిపోయి ఉంటాయి.

మాది రెండు గదుల కొట్టు. ముందు గదిలో కత్తిరింపు బల్ల, నేను. మధ్యలో తెర. తెర వెనక కాలిమిషను, మా అక్క. వెనక మెట్లెక్కితే ఇల్లు. కొట్టు మా బావది. ఆయన పోయి రెండేళ్ళయింది. అప్పట్నించీ అక్క తెర దాటి ఇవతలికి రాలేదు. ఇల్లు, మెట్లు, మిషను, మళ్ళీ మెట్లు, ఇల్లు. ఎవరైనా ఎక్కడికైనా పిలిస్తే తెర వెనక నుంచే "చూద్దాం" అంటుంది. ఆ చూడ్డం ఇంతవరకూ జరగలేదు.

ఈలోగా మా వీధివాళ్ళం ఒక ఆదివారం వ్యాను మాట్లాడుకుని, కొండల పక్కన ఉన్న పాత రాళ్ళు చూసొద్దామనుకున్నాం. ఎవరో ఎప్పుడో, వేల ఏళ్ళ కిందట, గుండ్రంగా నిలబెట్టిన రాళ్ళు. జనం వెళ్ళి వాటి మీద చెయ్యి వేసి మనసులో ఉన్నది కోరుకుంటారు. వ్యాన్లో పన్నెండు సీట్లు. పేర్లు పదకొండు. పన్నెండోది ఖాళీగా ఉంచమని సెలూన్ తమ్ముడికి చెప్పాను, ఎవరికోసమో చెప్పలేదు. అక్కకి అసలే చెప్పలేదు. ఆ గురువారం కొట్లో నేను చెప్పిన కథంతా ఆ ఒక్క సీటు కోసం.

మధ్యాహ్నం, సన్నగా వాన. నా ఎదురుగా బెంచీ మీద ముగ్గురున్నారు. ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్టు మావయ్య. వానకి గిరాకీ లేక, దువ్వెన జేబులో పెట్టుకుని వచ్చిన పక్క సెలూన్ తమ్ముడు. మూడోవాడు ఒక రాతి మేస్త్రి, కొత్త మనిషి. మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటు ఇచ్చి, అక్క లోపల అతుకు వేస్తుంటే, టీ తాగుతూ కూర్చున్నాడు. లోపల మిషను టకటకా నడుస్తోంది.

మీకో రహస్యం చెప్పాలి. మిషను నడుస్తోందంటే అక్క వినడం లేదని లెక్క. ఆగిందంటే వింటోందని. రెండేళ్ళుగా నేను ఆ చప్పుడు పట్టుకునే బతుకుతున్నాను.

"ఏముందిలే, చిన్న విషయం," అని మొదలుపెట్టాను, గొంతు మాత్రం తెర దాటేలా. "పోయిన నెల ఆ రాళ్ళ దగ్గరికి ఎవర్నీ దారి అడక్కుండా వెళ్ళొచ్చాను."

"అడక్కుండానా?" అన్నాడు పోస్టు మావయ్య. దారి అంటే ఆయనకి మనిషి పేరు లాంటిది. ఎవరైనా తప్పు పలికితే ఊరుకోడు.

"అడగడానికి మనిషుంటేగా? ఒకాయనకి ప్యాంట్లు ఇచ్చి బస్సులో వస్తున్నా, కునుకు పట్టింది, ఒక స్టాపు ముందో ఒక స్టాపు తర్వాతో దిగాను."

"ముందా, తర్వాతా?"

"నిద్రపోయేవాడికి ముందేమిటి, తర్వాతేమిటి మావయ్యా?"

"కొండ ఎటు పక్కనుంది?"

"ఎడమ పక్క."

"వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"వచ్చేటప్పుడే."

"వచ్చేటప్పుడు కుడి పక్కనుండాలి కదోయ్!"

"నేను వెనక్కి తిరిగి కూర్చున్నాను."

"బస్సులోనా అన్నా?" అన్నాడు సెలూన్ తమ్ముడు.

"బస్సే వెనక్కి తిరిగిందేమో, నాకేం తెలుసు, నిద్రలో ఉన్నానంటుంటే," అన్నాను. లోపల మిషను హాయిగా నడుస్తోంది. కొండ ఎటుంటే దానికేం? కథ కొంచెం వదులు చేయాలి.

"దిగి నాలుగడుగులు వేశానో లేదో, ఒక కుక్క ఎదురైంది."

టకటకా.

"ఒకటి కాదు, నాలుగు."

"ఇప్పుడే ఒకటన్నావు," అన్నాడు మావయ్య.

"ముందు ఒకటే కనపడింది. మిగతావి మంచులో ఉన్నాయి. మొత్తం ఏడు. అసలు ఆ మంచు సంగతి వినండి ముందు, ఎలాంటి మంచనుకున్నారు, చెయ్యి చాపితే మోచేతి దాకానే చెయ్యి ఉంది, అవతల ఉందో లేదో తెలీదు, గిల్లి చూసుకుందామంటే రెండో చెయ్యి కావాలి, అదీ మోచేతి దాకానే ఉంది, ఇంక ఏ చేత్తో ఏ చేతిని గిల్లాలో అర్థం కాక అక్కడే కాసేపు నిలబడ్డాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా?"

"కుక్కలేమయ్యాయి?" అన్నాడు సెలూన్ తమ్ముడు.

"అవీ అదే గొడవలో ఉన్నాయి, వాటి తోకలు వాటికి కనపడక. వాటిని వదిలెయ్. సంచీలోంచి కత్తెర తీశాను. మంచుకి నిలువుగా ఒక గాటు పెట్టాను, అడ్డంగా ఒక గాటు. మడిచి పక్కకి పెట్టి, ఆ సందులోంచి లోపలికి నడిచాను. వెనక్కొచ్చేటప్పుడు మూయడానికి రెండు బొత్తాలు కుట్టాల్సింది, తొందరలో మర్చిపోయాను."

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచు దానికి పట్టిందేమో.

"లోపల చూద్దును కదా, రాళ్ళు! తొమ్మిది! గుండ్రంగా నిలబడి ఉన్నాయి, ట్రయలు వేసుకోడానికి వచ్చినవాళ్ళలాగా, చేతులు ఒంటికి ఆనించుకుని. నాకేం చెయ్యాలో తోచలేదు. మెడలో టేపుంది. ఎదురుగా నిటారుగా, కదలకుండా నిలబడ్డవాడున్నాడు. అంత మంచి కస్టమరు నా జన్మలో తగల్లేదు. ఊపిరి బిగబట్టడు, పొట్ట లోపలికి లాగడు. తీసేశాను కొలతలు."

మిషను నెమ్మదించింది.

"చుట్టుకొలత ఎంతొచ్చిందండీ?" అన్నాడు రాతి మేస్త్రి. అతను నోరు తెరవడం అదే మొదలు.

"అన్నీ పుస్తకంలో రాసుకున్నానండీ, ఎక్కడికీ పోవు. ముందు ఇది వినండి. కొలుస్తుంటే చెయ్యి గడ్డకట్టుకుపోతోంది, ఒక్కో రాయీ అంత చల్లగా ఉంది. జాలేసింది. వేల ఏళ్ళుగా వానలో ఎండలో నిలబడి ఉన్నాయి, ఒంటి మీద నూలుపోగు లేదు. గుడ్డ చూస్తే నా దగ్గర జానెడు లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇందాక కోసి మడిచి పెట్టిన మంచుందే, అదే పరిచాను. సుద్ద గీత దాని మీద పడదు, అదొక్కటే ఇబ్బంది. తెలుపు మీద తెలుపు. కళ్ళు మూసుకుని అంచనాతో కోశాను. తొమ్మిది చొక్కాలు, చేతుల్లేనివి. గంటలో కుట్టేశాను."

"మంచుతోనా?" అన్నాడు సెలూన్ తమ్ముడు. నమ్మాలని అతనికి ఉంది. ముఖంలో తెలుస్తోంది.

"ఏ దారంతో కుట్టావోయ్?" అన్నాడు మావయ్య.

"వాన దారంతో. సన్నగా పడుతోంది కదా, పట్టుకుని సూదికెక్కించాను. ఎనిమిది రాళ్ళు నోరెత్తకుండా తొడుక్కున్నాయి. ఆరో రాయి మాత్రం జేబు కావాలంది."

"రాయికి జేబెందుకు అన్నా?"

"నేనూ అదే అడిగాను. చేతులు పెట్టుకోడానికంది. నీకు చేతులెక్కడివి అన్నాను. అందుకే జేబొకటే చాలు, రెండక్కర్లేదు అంది."

మిషను ఆగింది.

నా ప్రాణం లేచొచ్చింది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను. ఇంకేముంది, తెర కదులుతుందనుకున్నాను. పదిదాకా వచ్చేసరికి మిషను మళ్ళీ నడవడం మొదలైంది, మునుపటికన్నా జోరుగా.

అప్పుడు నాకు కంగారు పుట్టింది. కంగారులో కోసిన గుడ్డ ఎలా ఉంటుందో, కంగారులో చెప్పిన కథా అలాగే ఉంటుంది.

"చొక్కాలు తొడుక్కున్నాక అద్దం అడిగాయి! అద్దం ఎక్కణ్ణించి తేను? కింద వాగుంది, అందులో చూసుకుంటామని తొమ్మిదీ వరసకట్టి దిగాయి, ధన్ ధన్‌మని, భూమంతా అదురుతోంది, ఆ అదురుకి కొండ నిద్రలేచింది, లేచి నిలబడింది, అందరికీ కుట్టావు, మరి నాకో అంది. నీకు సరిపడా మంచు ఈ జిల్లాలో లేదన్నాను. అలిగి అటు పక్కకి వెళ్ళి కూర్చుంది. అదీ సంగతి మావయ్యా, అందుకే కొండ ఎడమవైపుందో కుడివైపుందో నేను గట్టిగా చెప్పలేకపోతున్నాను!"

మావయ్య గాల్లో వేలితో ఏదో దారి గీసుకుని, అది ఎక్కడో తప్పిపోయి ఆగిపోయాడు.

మిషను ఆగలేదు.

కొండ లేచి నిలబడితే ఆగని మిషను ఇంక దేనికి ఆగుతుంది? నా దగ్గర ఇంకేం మిగల్లేదు. కుక్కలైపోయాయి, మంచైపోయింది, కొండైపోయింది. ఆదివారం ఇంకా మూడు రోజులే ఉంది. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. నేను అనుకోకుండానే ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

"తొమ్మిదో రాయి దగ్గర నా చెయ్యి ఆగిపోయిందండీ. ఛాతీ నలభై. మెడ పదిహేనున్నర. అచ్చం మా బావ కొలత."

మిషను ఆగింది. ఈసారి ఆగడం వేరుగా ఉంది. వాన చప్పుడు ఒక్కసారిగా కొట్లోకి వచ్చేసింది. మావయ్య నేలకేసి చూశాడు. సెలూన్ తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు. ఇంతసేపూ అది ఆగితే చాలనుకున్నవాణ్ణి, ఇప్పుడది మళ్ళీ నడిస్తే బావుండుననుకున్నాను.

తెర పక్కకి జరిగింది. అక్క వచ్చింది.

మేం ముగ్గురం లేచి నిలబడ్డాం, ఎందుకో తెలీదు. మేం లేచామని మేస్త్రి కూడా లేచాడు. అక్క చేతి మీద అతని ప్యాంటు వేలాడుతోంది, దానికి సూది ఇంకా గుచ్చే ఉంది.

"ఎడమ భుజం ఎలా ఉందిరా?" అంది.

"ఎవరిదక్కా?"

"మీ బావకి ఎడమ భుజం అర ఇంచీ కిందికుండేది. గుడ్డ తాన్లు మోసి మోసి. ప్రతి చొక్కాకీ అక్కడ సర్ది కుట్టేదాన్ని. నీ రాయికి ఉందా?"

"మంచులో... సరిగ్గా..."

"పుస్తకం తియ్యి."

తీశాను. వేరే దారేముంది? అక్క పేజీ తిప్పి, వెలుతురు కోసం గుమ్మం దాకా నడిచింది. గట్టిగా చదివింది.

"ఒకటో రాయి. పొడవు అరవై, ఛాతీ నలభై ఎనిమిది, నడుము నలభై ఎనిమిది, సీటు నలభై ఎనిమిది. రెండు. ఛాతీ నలభై ఎనిమిది, నడుము నలభై ఎనిమిది. మూడు. నలభై ఎనిమిది." అలా చదువుకుంటూ పోయింది. "తొమ్మిది. ఛాతీ నలభై ఎనిమిది. నలభై ఏదిరా?"

నేను టేపు చివర పట్టుకుని చుడుతున్నాను.

"పుస్తకంలో నువ్వు తప్పు రాయవు, అది నాకు తెలుసు. అంటే తప్పంతా నోటిదే." ఆవిడ మళ్ళీ పేజీలోకి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. "అది సరే, తొమ్మిదికీ ఒకటే కొలతేమిటి? కవల పిల్లలకి కుట్టినా పావు ఇంచీ తేడా వస్తుంది. పావు కాదు, ఇక్కడ పోగంత తేడా లేదు. ఇలా ఎప్పుడొస్తుంది?"

"ఎప్పుడక్కా?" అన్నాడు సెలూన్ తమ్ముడు.

"ఒకే అచ్చు పెట్టి కోస్తే. ఒరేయ్, వాటికి మూలలున్నాయా?"

"నాలుగేసి ఉన్నాయి," అన్నాను. "వయసు మీద పడింది కదా, ఎముకలు తేలాయనుకున్నాను."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"అవి నావేనమ్మా," అన్నాడు. "పోయిన ఏడాది ఎండాకాలం నేనే పాతాను. గొర్రెల దొడ్డికి స్తంభాలు. పన్నెండు పాతాలి. తొమ్మిదయ్యేసరికి ఆసామి మనసు మార్చుకుని వెళ్ళిపోయాడు."

"మరి ఇంతసేపూ చెప్పరేమండీ!" అన్నాను. కోపం తెచ్చుకోడానికి నాకు అతనొక్కడే మిగిలాడు.

"మీరు చెబుతుంటే, నా పని అంత గొప్పగా ఉందా అని వింటూ కూర్చున్నానండీ. దాన్ని గురించి ఇంతవరకూ ఎవరూ ఒక్క మాట అనలేదు."

"గొర్రెల దొడ్డి!" పోస్టు మావయ్య బల్ల మీద చరిచాడు. "కొండకి ఇవతల! ఒక స్టాపు ముందు! నేను ముందే అనలేదూ?" ఆయన అనలేదు. కానీ నవ్వుతూ నవ్వుతూ దగ్గులోకి దిగిపోయాడు, ఇంక వాదించడం బాగుండదు. సెలూన్ తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను కూడా నవ్వాను, కొంచెం ఆలస్యంగా, పక్కవాళ్ళు వేసుకున్న బట్టలు చూసి కొనుక్కున్నట్టు.

అక్క నవ్వలేదు.

"మీ బావని ఎందుకు తెచ్చావు ఇందులోకి?"

"నువ్వు వినడం లేదని," అన్నాను. "మిషను నడుస్తోంది కదా."

"కుట్టేది కాళ్ళతో చేతుల్తో రా, చెవుల్తో కాదు. మొదట్నించీ వింటూనే ఉన్నాను."

"మరి జేబు దగ్గర ఆగి, మళ్ళీ..."

"జేబు దగ్గర నవ్వొచ్చింది. నవ్వుకి ఈయన ప్యాంటు కుట్టు వంకరపోయింది. విప్పి మళ్ళీ వేస్తున్నాను."

ప్యాంటు ఎత్తి చూపించింది. మోకాలి దగ్గర కుట్టు తిన్నగా వచ్చి, ఒకచోట పాములా మెలిక తిరిగి ఉంది. సగం విప్పి ఉంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. అంటే జేబు దగ్గరే కథ అయిపోయిందన్నమాట. కొండ అనవసరంగా లేచింది. బావ అనవసరంగా వచ్చాడు.

"ఆ మిగిలింది విప్పకండమ్మా, ఉండనివ్వండి," అన్నాడు మేస్త్రి.

అక్క అతనివైపు తిరిగింది. "అసలు రాళ్ళు చూశారా మీరు?"

"కొండకి అవతలున్నాయమ్మా. ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకటి మోకాలెత్తు. ఒకటి ఒరిగి, పక్కదానికి ఏదో చెబుతున్నట్టుంటుంది. ఏ పనిముట్టుతో తెచ్చారో, ఎలా నిలబెట్టారో, ఇంత పని చేసినా నాకే అర్థం కాదు. అక్కడికెళ్తే సుత్తి సంచీ దూరంగా పెట్టి వెళ్తాను. ఎందుకని అడక్కండి."

అక్క అడగలేదు. గుమ్మంలో నిలబడి వాన చూసింది. రెండేళ్ళలో వీధి కొంచెం మారింది. ఎదురుగా మందుల కొట్టు పోయి గొడుగుల కొట్టు వచ్చింది. దాన్ని కూడా చూసింది.

"వ్యాను ఎన్నింటికి?" అంది, ఎవరికేసీ చూడకుండా.

"ఏడింటికక్కా," అన్నాడు సెలూన్ తమ్ముడు. "పన్నెండో సీటు అన్న ఖాళీగా ఉంచమన్నాడు, ఎవరికోసమో..." అంటూనే అతనికి అర్థమై, నోరు మూసుకుని దువ్వెన తీసుకున్నాడు.

అక్క నావైపు తిరిగింది. "గంట నుంచీ కుక్కలు, మంచు, వాగు, కొండ. 'అక్కా, ఆదివారం వస్తావా' అని ఒక్క మాట అడగడానికి నీకేం వచ్చిందిరా?"

ఏ ప్రశ్నకైనా నా దగ్గర మూడు జవాబులుంటాయి. ఆ ప్రశ్నకి మాత్రం సుద్దముక్క తీసుకుని ఖాళీ బల్ల మీద గీత గీశాను. ఆవిడ ప్యాంటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం అక్క వచ్చింది. కిటికీ పక్క సీటు. దారంతా పోస్టు మావయ్య చెప్పాడు, ఒక్క మలుపు కూడా తప్పలేదు. అసలు రాళ్ళ దగ్గర నేను అలవాటుగా పుస్తకం తీస్తే, లోపల పెట్టమంది. ఒక్కోదాని మీదా అరచెయ్యి ఆనించి నడిచింది. ఒరిగిన రాయి దగ్గర ఎంతసేపు నిలబడిందో నేను చూడలేదు, అటు తిరిగి నిలబడ్డాను. ఏం కోరుకుందో చెప్పలేదు. వచ్చేటప్పుడు మాత్రం ఆకలేస్తోందంది.

దారిలో అందరూ దిగి గొర్రెల దొడ్డి చూశారు, పగలబడి నవ్వారు. నేను ఒక సంగతి వాళ్ళకి చెప్పలేదు. వదులు పెట్టకుండా చెబుతాను, వినండి. పోయిన నెల నిజంగానే మంచుండేది, నేను నిజంగానే దారి తప్పాను, ఆ తొమ్మిది స్తంభాల మధ్య నిలబడి, ఒకదాని మీద చెయ్యి వేసి, అక్క బయటికి రావాలని కోరుకున్నాను. వచ్చింది. ఇప్పుడు దీనికి నేనెవరికి రుణపడ్డానో తేలడం లేదు. అసలు రాళ్ళని నేనేమీ అడగలేదు. అడిగినవి గొర్రెల దొడ్డి స్తంభాలు. తర్వాత కొట్టుకొచ్చిన మేస్త్రిని ఒక్కణ్ణే చాటుగా అడిగితే, అంత బరువైన పని తను వాటికి చెప్పలేదన్నాడు.

వచ్చే నెల ఒక పల్లెకి, పాత గుడి చూడ్డానికి వ్యాను వెళ్తోంది. అక్కని వస్తావా అని అడగాలి. మూడక్షరాలు. పొద్దున్నించి రెండుసార్లు ఆవిడ దగ్గరికి వెళ్ళి, ఒకసారి దారం అడిగి, ఒకసారి టైమెంతయిందని అడిగి వచ్చేశాను. ఉన్న మాట ఉన్నట్టు అడగడం నాకింకా రాలేదు.